జావా ఆనోటేషన్ల రీఫాక్టరింగు

జావా ప్రోగ్రాములో క్లాసుకు గాని మెథడుకు గాని '@' గుర్తుతో తగిలించే సూచికను ఆనోటేషను అంటారు. ఇవి 2004లో జావా 5తో భాషలో చేరాయి. ప్రోగ్రాము చేసే పని మారకుండా దాని కూర్పును సరిదిద్దడం రీఫాక్టరింగు. ఓపెన్‌రీరైట్ వంటి ఉపకరణాలు ఆనోటేషన్లను అనేక ఫైళ్ళలో ఒకేసారి మార్చగలవు; పొరపాటు జరిగితే అదీ అన్నిటికీ పాకుతుంది.

2020లో వెలువడిన జకార్తా ఈఈ 9లో 'జావాక్స్'తో మొదలయ్యే పేర్లు 'జకార్తా'గా మారాయి. అయితే అన్నీ మారలేదు. 'జావాక్స్.ఆనోటేషన్.పోస్ట్‌కన్‌స్ట్రక్ట్' మారినది, 'జావాక్స్.ఆనోటేషన్.ప్రాసెసింగ్' మాత్రం జావాలోనే ఉండిపోయినది. ఉపకరణం రెండింటినీ మార్చివేస్తే కంపైలరు వెంటనే పట్టుకుంటుంది.

పాత పేరు ఎక్కడైనా మిగిలిపోవడమే అసలు చిక్కు. పాత లైబ్రరీ ఇంకా ఉన్నందున కంపైలరు అభ్యంతరం చెప్పదు. కొత్త పేర్లనే చూసే సర్వరు ఆ సూచికను పట్టించుకోదు, దోష సందేశమూ ఇవ్వదు. ఆరంభంలో నడవవలసిన మెథడు నడవదు. పాత లైబ్రరీని తొలగించి మరల కంపైలు చేస్తే మిగిలిన పాత పేర్లు బయటపడతాయి.