ట్రావెల్ ట్రైలర్ లాగే బండ్లు – ఇంజన్ చల్లదనం

కారు వెనక తగిలించుకుని తీసుకెళ్లే చక్రాల ఇల్లే ట్రావెల్ ట్రైలర్. అమెరికాలో ఇది 1930ల్లో బాగా వ్యాపించింది. మన సినిమా షూటింగుల్లో కనిపించే క్యారవాన్ సాధారణంగా బస్సు మీద కట్టింది, దానికి ఇంజన్ దానిదే. ట్రైలర్‌కు ఇంజన్ ఉండదు, దాని బరువంతా కారు ఇంజనే లాగాలి. ఎక్కుడు దారిలో ఆ ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే వేగం పడిపోయి రేడియేటర్‌కు తగిలే గాలి తగ్గుతుంది. ఎండలో చదును రోడ్డు మీద నిక్షేపంగా నడిచిన బండి ఘాట్ రోడ్డు మీద ఆవిరి కక్కేది అందుకే.

1886 నాటి కార్ల్ బెంజ్ బండిలో ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు మరిగి ఆవిరైపోతుంటే మళ్లీ పోసుకోవడమే పద్ధతి. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు 8,070 సన్నని గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ తయారుచేశాడు. నేటి రేడియేటర్లకు మూలం అదేననవచ్చు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో తొలి బండ్లకు నీటి పంపు ఉండేది, తర్వాత తీసేశారు. వేడి నీరు పైకి, చల్లనీరు కిందికి తమంత తామే తిరిగేవి. నీటిమట్టం పైగొట్టం కన్నా కిందికి దిగితే మాత్రం ఆ తిరుగుడు ఆగిపోయేది.

1926లో షికాగో–లాస్ ఏంజెలెస్ మధ్య రూట్ 66 రహదారి ఏర్పడ్డాక ఆ దారిలో మొహావీ ఎడారి దాటేవాళ్లు బండి ముందు గుడ్డ నీటిసంచి వేలాడదీసుకునేవారు. నీరు గుడ్డలోంచి చెమర్చి ఆరుతుంటే లోపలి నీళ్లు కూజాలో ఉన్నట్టు చల్లబడేవి. తాగడానికీ అవే, రేడియేటర్‌లో పోయడానికీ అవే. పగటి ఎండకు జడిసి రాత్రిపూట ఎడారి దాటేవాళ్లూ ఉండేవారు.

చలి తెచ్చిన తంటా వేరు. నీరు గడ్డకడితే ఇంజన్ పగిలిపోతుంది గనక ఆల్కహాల్ కలిపేవారు. మిథైల్ ఆల్కహాల్ 65 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. పొద్దున మంచులో బయల్దేరి మధ్యాహ్నం కొండెక్కిన బండిలో అది కాస్తా ఆవిరైపోయేది, రాత్రికి మళ్లీ గడ్డకట్టే ప్రమాదం. 1927లో ప్రెస్టోన్ పేరుతో వచ్చిన ఇథిలీన్ గ్లైకాల్ ఈ బెడద తీర్చింది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. అలాగని గ్లైకాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదేం కాదు, వేడిని మోయడంలో నీటికి అది సాటిరాదు. తర్వాత వచ్చిన రేడియేటర్ ప్రెషర్ మూత మరుగు స్థానాన్ని ఇంకా పెంచింది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిలో ఈ మిశ్రమం దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. వేడి మీద ఆ మూత తీస్తే మాత్రం మొహం కాలుతుంది.

ఎత్తు ఇంకో చిక్కు. కొలరాడోలో 3,400 మీటర్ల ఎత్తున 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర మామూలు నీళ్లు దాదాపు 89 డిగ్రీలకే మరుగుతాయి. గాలి పలచన కాబట్టి రేడియేటర్ నుంచి వేడిని లాగే శక్తీ దానికి తక్కువే.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో ఆటోమేటిక్ గేర్లు జనంలోకి వచ్చాయి. లాగుడు బరువెక్కితే వాటి ఆయిల్ కూడా కాగుతుంది. ఆ వేడినీ రేడియేటర్ మీదే వేయడం రివాజైంది, బరువు లాగేవాళ్లు విడిగా ఆయిల్ కూలర్ పెట్టించుకోవడం మొదలుపెట్టారు. ఘాట్ మీద ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటే ఏసీ కట్టేసి, నడివేసవిలోనైనా సరే హీటర్ తిప్పడం పాత డ్రైవర్ల చిట్కా. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఏసీ ఆపమని చెప్పే బోర్డులు కాలిఫోర్నియా ఎడారి ఘాట్లలో కనిపిస్తాయి.

తమ బండి ఎంత బరువు లాగగలదో చాలాకాలం కంపెనీలు ఎవరి లెక్కన వారే చెప్పుకున్నాయి. 2008లో అందరికీ ఒకే కొలతగా వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ వారి జె2807 ప్రమాణం వచ్చింది. 2011 టండ్రా ట్రక్కుతో టొయోటా దాన్ని అందరికన్నా ముందు పాటించింది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు దారి ఇందులో పరీక్షా స్థలం. 38 డిగ్రీల ఎండలో, పూర్తి బరువుతో, మామూలు పికప్ అయితే గంటకు 64 కిలోమీటర్ల వేగం తగ్గకుండా, కూలెంట్ చుక్క పోకుండా పైకి చేరాలి. ఏసీ మాత్రం ఆపకూడదు, ఫుల్లులోనే నడవాలి.