మైలాపురయాత్రికుల సాక్ష్యము

కాకతి రుద్రమదేవి ప్రశంస వచ్చినప్పుడెల్ల ఆంధ్రచరిత్రకారులు వెనీసు నగరవాసియగు మార్కో పోలోను సాక్షిగా బిలుచుట పరిపాటి. ఆతడు ‘ముట్ఫిలి’ యని పేర్కొనిన రాజ్యము మోటుపల్లి రేవుపేర విదేశీయులెఱిగిన కాకతీయరాజ్యమే యనుట పండితులంగీకరించినదే. వివేకవతియగు నొక రాణి, భర్త గతించినది మొదలు నలువదియేండ్లు ఆ రాజ్యమును న్యాయము దప్పక పాలించెననియు, అచ్చటి కొండలలో వజ్రములు దొరకుననియు, సాలెగూటి దారములవలె సన్ననైన వస్త్రములు అచ్చట నేయుదురనియు నాతడు చెప్పెను. ఈ మాటలు పాఠ్యపుస్తకములకు సైత మెక్కినవి. కాని ఈ సాక్షి యేది కన్నులార జూచెను, ఏది యొరులవలన వినెను అను విచారణ తగినంత జరుగలేదు. మోటుపల్లి ప్రకరణ మొక్కటే చదివిన నది తేలదు. దాని చెంతనే యున్న మైలాపుర ప్రకరణమును గూడ జదువవలెను.

నేటి చెన్నపట్టణములో జేరియున్న మైలాపురము కాథలిక క్రైస్తవులకు బ్రాచీనమైన తీర్థస్థానము. యేసుక్రీస్తు శిష్యులు పన్నిద్దఱిలో నొకడగు తోమాసు క్రీస్తుశకారంభకాలమున నీ దేశమునకు వచ్చి, సమీపమందలి కొండపై వధింపబడి, మైలాపురమున సమాధి చేయబడెనని వారి విశ్వాసము. ఆ విశ్వాసపు సత్యాసత్యములు వేఱు విషయము. ఆ సమాధిని జూడవచ్చిన పరదేశీయులు వ్రాసిపెట్టిన సంగతులే యిచ్చట విచార్యములు.

మార్కో పోలో చీనాదేశమునుండి సముద్రమార్గమున మరలివచ్చుచు, 1292-93 ప్రాంతమున దక్షిణదేశపు తీరమును దాటినట్లు లెక్కించుచున్నారు. మైలాపురము చిన్న యూరనియు, వర్తకమునకు దగిన సరకు లేనందున వర్తకు లరుదుగా వత్తురనియు, అయినను క్రైస్తవులును మహమ్మదీయులును యాత్రకై తఱచు వచ్చుచుందురనియు నాతడు చెప్పెను. మహమ్మదీయులు తోమాసును దమవాడే యని చెప్పుకొని, ‘అవరియాన్’ అనగా బుణ్యపురుషుడని పిలుతురట. ఇది శిష్యుని దెలుపు ‘హవారి’ యను అరబ్బీ శబ్దమునకు వికృతి కావచ్చునని విమర్శకుల యూహ. గుడి కావలివారు కొబ్బరితోటలవలన జీవించుచు, చెట్టున కింత యని పన్ను చెల్లించుచుండిరి. 1288లో నొక దొర తన వడ్లనెల్ల గుడికి జెందిన యిండ్లలో నింపి యాత్రికులకు దిగుచోటు లేకుండ జేయగా, తోమాసు రాత్రివేళ స్వప్నమున వచ్చి, పంగలకఱ్ఱ మెడపై మోపి బెదరించెనట. తెల్లవాఱగనే ఇండ్లు ఖాళీ యయ్యెను.

వీనికన్న ముఖ్యమైనది మట్టి. తోమాసు చంపబడిన తావున నెఱ్ఱమట్టి యున్నదనియు, దానిని యాత్రికులు తీసికొనిపోయి నీటగలిపి జ్వరరోగులకు ద్రావింతురనియు నాతడు వర్ణించెను. ఆ మట్టిని మార్కో తానే వెనీసునకు గొనిపోయి పలువురకు నయముచేసెనని యొక ప్రతిలో గలదు. ఆ వాక్యము మూలములోనిదైనచో నాతడు మైలాపురమున నడుగుపెట్టినవాడే. తరువాతివారు చేర్చినదే యనుకొన్నను, తక్కిన వర్ణన యొకనాడైన నచ్చట నుండి చూచినవాని మాటవలె నున్నది.

ఈ గుఱుతుతో మోటుపల్లిని జూడవలెను. రుద్రమదేవి గణపతిదేవునకు గూతురు గాని భార్య గాదు. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. ఆమె పాలనారంభము 1262 ప్రాంతమున నని పెద్దలు నిర్ణయించిరి. చందుపట్ల శాసనమువలన నామె 1289 నాటికే మరణించినట్లు తేలుచున్నది. అనగా మార్కో యీ తీరమునకు వచ్చునాటికి రాణియు లేదు, నలువది యేండ్ల లెక్కయు గుదురదు. మాంసఖండములను లోయలో విసరివేసి, గ్రద్దలు వానిని దెచ్చినప్పుడు వానికంటిన వజ్రములను గ్రహింతురను కథ గ్రీకు గ్రంథములందును అరబ్బుల కథలందును నున్న పాతకథయే. మఱియు గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనము ఓడవర్తకులకు రక్షణ నొసగి, సరకుపై ముప్పదింట నొకవంతు సుంకమని నిర్ణయించెను. మైలాపురమున కొబ్బరిచెట్ల పన్నును గూడ విడువని యీ వర్తకుడు మోటుపల్లి సుంకము మాట యెత్తలేదు. మౌనము ప్రమాణము గాదన్నది నిజమే. అయినను పై తప్పులతో గూడినప్పుడు దానికి బలము గలుగుచున్నది. మోటుపల్లి వార్త మార్కో తీరపు నావికులవలన వినినదేమో యని యూహించుట కవకాశమున్నది. అంతమాత్రమున నది నిరుపయోగము గాదు. రాణి చనిపోయిన పిదపగూడ నామె న్యాయకీర్తి పరదేశపు రేవులలో జెప్పుకొనబడుచుండె ననుట కదియే సాక్ష్యము.

ఈ దోషమునకు గ్రంథరచనావిధము గూడ గారణము. మార్కో 1298లో జెనోవా చెఱసాలలో నుండి, పీసా నివాసి రుస్తికెల్లోకు జ్ఞాపకముమీద జెప్పి వ్రాయించెను. హైదరాబాదు, నిర్మల మీదుగా 1830లో గాశికేగిన ఏనుగుల వీరాస్వామయ్యవలె నేనాటి సంగతి నానాడు వ్రాసికొన్నవాడు కాడు.

తరువాతివారి వాక్యములు క్లుప్తములు. 1322 ప్రాంతమున వచ్చిన ఓదోరికు సన్న్యాసి గుడినిండ విగ్రహములున్నవనియు, ప్రక్కన పదునైదు నెస్తోరియ క్రైస్తవుల యిండ్లున్నవనియు జెప్పెను. నూఱేండ్ల పిమ్మట నికోలో కోంటి యా మతస్థులు వేయిమంది యుండిరనెను. 1515 ప్రాంతమున వ్రాసిన బర్బోసా మాట మనస్సునకు హత్తుకొనును. గుడి పాడువడియున్నదట, బీద మహమ్మదీయ ఫకీరొకడు భిక్షమెత్తి తెచ్చిన సొమ్ముతో నచ్చట దీపము వెలిగించుచుండెనట. కావలివారు మాఱిరి గాని దీపము మాఱలేదు.

పోర్చుగీసువారు 1523లో సమాధిని ద్రవ్వించిరి. ఫ్రాన్సిసు జేవియరు 1545లో గొన్నినెలలచ్చట నుండెను. 1547లో గొండపై పహ్లవీ లిపిగల సిలువఱాయి బయల్పడెను. గోవా పెత్తనమున నున్నట్లు కనబడినను ఆ పట్టణము విజయనగర సామ్రాజ్యపు నేలయే. 1558-59లో అళియ రామరాజు సేనతో వచ్చి లక్ష వరహాలు దండుగ విధించెను. అటుపిమ్మట వచ్చిన ఫెదెరిచి పట్టణము చిన్నదైనను సొగసైనదని మెచ్చి, మేకులు లేక త్రాళ్లతో గుట్టిన మసూలా పడవలు కెరటములపై సరకును దింపు విధమును దీరికగా వర్ణించెను.

1652లో రత్నవర్తకుడగు టావెర్నియరు మచిలీపట్టణము నుండి చెన్నపట్టణమునకు, అచ్చటనుండి మైలాపురమునకు బోయెను. ఆతడు ప్రొటెస్టెంటు, తీర్థభక్తి లేనివాడు. అగస్తీనియ సన్న్యాసుల మఠమున, తోమాసును బొడిచినదని నమ్మబడు ఇనుపబల్లెమును జూచితినని యొక్కమాటతో ముగించి, గండికోటలోని మీరుజుమ్లాయొద్దకు రత్నము లమ్మబోయెను. ఇచ్చట మార్కోకును ఈతనికిని వైరుధ్య మున్నది. మార్కో వినిన కథలో తోమాసు నెమళ్ల నడుమ జపము చేసికొనుచుండగా, నెమలికై వేటకాడు విడిచిన బాణము పొరపాటున దగిలెను. వధ యనునది లేదు. మయిల్ అనగా నరవమున నెమలి. ఊరిపేరునుండి కథ పుట్టినదేమో! జరయను బోయ మృగమని భ్రమించి శ్రీకృష్ణుని గొట్టిన మౌసలపర్వకథ జ్ఞప్తికి వచ్చుట సహజము. స్థానికులు చెప్పుకొన్నది బాణము. పోర్చుగీసు మఠములో జూపినది బల్లెము. మార్కో తాను వినినదానిని విననట్టు దిద్దక వ్రాయుటచేతనే యీ పాతకథ నిలిచినది.

1662లో గోలకొండ సేనలు శాంతోమును గైకొనెను. 1666-67లో ఇందూరు, ఇందల్వాయి మార్గమున గోలకొండకు బోయి, ఇందల్వాయి కత్తులను బల్లెములను వర్ణించిన థెవెనో కాలమున మైలాపుర తీర్థము గోలకొండ ప్రభువు చేతిలోనిదే. 1672లో ఫ్రెంచివారు దానిని బట్టుకొని, 1674లో విడిచిరి. పూర్వయాత్రికులు చూచిన గుడి నేడు లేదు. ఇప్పటి దేవాలయము 1896లో బ్రతిష్ఠింపబడినది. పహ్లవీ సిలువఱాయి మాత్రము కొండమీది గుడిలో నున్నది. మోటుపల్లిలో గణపతిదేవుని శాసనస్తంభము వీరభద్రాలయమున నున్నది.