పాత పటాలు, మెటల్ డిటెక్టర్, చరిత్ర రచన: ఇంగ్లండ్ అనుభవం

ఇంగ్లండ్‌లో సెలవురోజున మెటల్ డిటెక్టర్ పట్టుకొని పొలాల వెంట తిరగడం వేలాది మందికి ఒక వ్యాపకం. పంట కోసిన తరువాత, మళ్లీ విత్తే లోపల, రైతు అనుమతి తీసుకొని దుక్కి నేల మీద నెమ్మదిగా నడుస్తారు. పరికరం కూత పెట్టినచోట జానెడు లోతు తవ్వి చూస్తారు. ఎక్కువసార్లు దొరికేది తుప్పు పట్టిన మేకు, సీసం ముక్క, చొక్కా గుండీ. ఎప్పుడో ఒకసారి నాణెం. వీరిలో అనుభవం గలవారు పొలానికి వెళ్లకముందే సగం పని ఇంట్లో, పాత పటాల ముందు కూర్చొని పూర్తిచేస్తారు. ఏ పొలంలో వెతకాలో పటమే చెబుతుంది.

చరిత్ర విద్యార్థికి దీనితో ఏం పని అని మీరు అడగవచ్చు. వారు పొలాన్ని ఎంచుకొనే పద్ధతి, మనం అంతరించిన గ్రామాన్నో యుద్ధభూమినో గుర్తించే పద్ధతి ఒక్కటే. ఒకే పటం ఒకరి చేతిలో ఆధారాన్ని వెలికితీస్తుంది, మరొకరి చేతిలో ఆధారాన్ని నాశనం చేస్తుంది. ఈ తేడా ఎక్కడ వస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

పటం ఎవరి కోసం గీశారు?

పటాన్ని ఆధారంగా తీసుకొనేముందు దాన్ని ఎవరు, ఏ అవసరం కోసం గీయించారో తెలుసుకోవాలి. క్రిస్టఫర్ శాక్స్‌టన్ 1579లో ప్రచురించిన ఇంగ్లండ్, వేల్స్ కౌంటీల పటాలు చూడడానికి అందంగా ఉంటాయి. కాని వాటిలో కొండలు మట్టికుప్పల్లా కనిపిస్తాయి, రహదారులు లేవు. ఒక పొలాన్ని గుర్తించడానికి అవి పనికిరావు. స్కాట్లాండ్‌లో 1745 నాటి తిరుగుబాటు తరువాత సైన్యం అవసరాల కోసం విలియం రాయ్ 1747-55 మధ్య సర్వే చేశాడు. 1791లో ఆర్డినెన్స్ సర్వే సంస్థ ఏర్పడింది. ఫ్రెంచి దాడి భయం ఉన్న రోజులవి కాబట్టి 1801లో అది ప్రచురించిన మొదటి పటం ఫ్రాన్సుకు ఎదురుగా ఉన్న కెంట్ కౌంటీది. సైనికుడికి కావలసినవి దారి, వాగు, ఎత్తు. పొలం పేరు అతనికి అక్కరలేదు.

పొలం పేరు కావలసింది పన్ను వసూలు చేసేవారికి. ఇంగ్లండ్‌లో పంటలో పదోవంతు చర్చికి చెల్లించే ఆచారం ఉండేది. దీన్ని టైథ్ అంటారు. 1836 చట్టం ధాన్యం రూపంలో ఉన్న ఈ చెల్లింపును నగదుగా మార్చింది. అందుకోసం ప్రతి పొలాన్నీ కొలిచి, నంబరు వేసి, పదకొండు వేలకు పైగా పటాలు తయారుచేశారు. ప్రతి పటానికీ జతగా ఒక పట్టిక ఉంటుంది. పొలం నంబరు, యజమాని, సాగుచేసేవాడు, దున్నే నేలా పచ్చిక బయలా, విస్తీర్ణం, చెల్లించవలసిన మొత్తం అందులో ఉంటాయి. మన అడంగల్, పహాణీ చూసినవారికి ఈ పట్టిక కొత్తగా అనిపించదు.

చాలా చోట్ల ఇదే పట్టికలో పొలం పేరు కూడా ఉంటుంది. అన్వేషకుడికి అదే అసలైన సంపద. ‘బ్లాక్‌లాండ్స్’ అని పేరున్న పొలంలో నేల నల్లగా ఉండటానికి ఒకప్పటి పొయ్యిల బూడిద, ఇళ్ల చెత్త కారణం కావచ్చు. ‘చెస్టర్’ కలిసిన పేరు వెనుక కోట లేదా దండు విడిది అనే అర్థమున్న లాటిన్ మాట ‘కాస్ట్రా’ ఉండవచ్చు. ‘కావచ్చు’, ‘ఉండవచ్చు’ అని కావాలనే అంటున్నాను. సహజంగానే నల్లనేల ఉన్న పొలానికీ నల్లచేను అనే పేరు వస్తుంది కదా!

మన పల్లెల్లో ‘పాటిగడ్డ’, ‘పాటిదిబ్బ’ అనే పేర్లు సరిగ్గా ఈ పనే చేస్తాయి. పాటి అంటే పాత ఊరు ఉండి పాడైపోయిన చోటు. అక్కడి బూడిదరంగు మట్టిని, అంటే పాటిమన్నును, రైతులు బండ్ల మీద తోలుకెళ్లి పొలాలకు ఎరువుగా వేసేవారు. రెవెన్యూ రికార్డుల్లో ‘బేచిరాగ్’ అనే మాట కూడా మీరు వినే ఉంటారు. దీపం లేని ఊరు అని అర్థం. పేరూ సరిహద్దూ ఉంటాయి, మనుషులు ఉండరు. ఇంగ్లండ్‌లో మధ్యయుగాల్లో ఇలా ఖాళీ అయిన గ్రామాలు సుమారు 3,000 అని అంచనా. వాటిలో యార్క్‌షైర్‌లోని వరమ్ పెర్సీ ప్రసిద్ధం. మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు కలిసి అక్కడ నలభై ఏళ్లపాటు, 1990 వరకు, వేసవి తవ్వకాలు నడిపారు.

వెనక్కి నడవడం

ఇక పద్ధతి చూద్దాం. ఈనాటి పటంతో మొదలుపెట్టి ఒక్కొక్క అడుగూ వెనక్కి వేయాలి. అంత సులభంగా మారని గుర్తులను ముందు పట్టుకోవాలి. పాత చర్చి, పారిష్ సరిహద్దు, వాగు మీది వంతెన, రోడ్డు మలుపు అలాంటివి. వాటి ఆధారంగా 19వ శతాబ్దపు ఆర్డినెన్స్ సర్వే పటాన్ని ఈనాటి పటంతో కలపాలి. మైలుకు 25 అంగుళాల చొప్పున గీసిన ఆ పటాల్లో ప్రతి కమతానికీ నంబరు ఉంటుంది, కాలిబాట పక్కన ‘ఎఫ్.పి.’ అనే అక్షరాలు కనిపిస్తాయి. ఆ తరువాత టైథ్ పటం, దానికి ముందు ఉమ్మడి భూములను కంచెలు వేసి పంచినప్పటి పటం, అదృష్టం బాగుంటే అంతకంటే పాతదైన ఒక జమీందారీ పటం. ప్రతి అడుగులోనూ ఏది మాయమైందో రాసుకోవాలి. ఇప్పుడు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఈ ఆర్డినెన్స్ సర్వే పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. పాత పటాన్నీ ఈనాటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఒకప్పుడు నెలల తరబడి చేసిన పని ఒక సాయంత్రంలో అవుతుంది.

మాయమైన ఇల్లు కనిపించగానే సంతోషించడం సహజం. కాని వస్తువులు ఇంట్లోకంటే బయటే ఎక్కువగా పోతాయి. మనిషి వంగినచోట, కంచె ఎక్కి దాటినచోట, డబ్బు చేతులు మారినచోట నాణెం జారిపడుతుంది. అందువల్ల అన్వేషకులు వెతికేవి కాలిబాట కంచెను దాటే చోటు, వాగు దాటే రేవు, సంత జరిగే మైదానం, మిల్లుకు వెళ్లే దారి. 18, 19 శతాబ్దాల్లో ఉమ్మడి భూములకు కంచెలు వేసినప్పుడు ఎన్నో పాత దారులను మూసి తిన్నటి కొత్త రోడ్లు వేశారు. పాత దారి ఇప్పుడు ఏదో గోధుమచేను కింద ఉంటుంది. పటం తప్ప దాని ఉనికిని చెప్పేది లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొలంలో నాణేలు, గుండీలు చెదురుమదురుగా దొరికితే అక్కడ ఊరు ఉండేదని తేల్చకండి. ఊళ్లలోని పెంట, చెత్త ఎరువుగా పొలాలకు చేరేది, దానితోపాటు ఇంట్లో పోయిన వస్తువులూ చేరేవి. మన పాటిమన్ను విషయమూ అంతే. మట్టితో కలిసి వచ్చిన పెంకు ముక్క కథ, అది కనిపించిన పొలానికి కాక, దూరంగా ఉన్న పాటిదిబ్బకు చెందినది.

బాస్‌వర్త్: పటం తప్పినచోట

1485 ఆగస్టు 22న ఇంగ్లండ్ రాజు మూడవ రిచర్డ్ బాస్‌వర్త్ యుద్ధంలో చనిపోయాడు. హెన్రీ ట్యూడర్ రాజయ్యాడు. ఇంత ముఖ్యమైన యుద్ధం సరిగ్గా ఎక్కడ జరిగింది? 1788లో విలియం హట్టన్ రాసిన పుస్తకంతో ఆంబియన్ కొండే ఆ స్థలమని జనంలో స్థిరపడింది. 1970లలో సందర్శకుల కేంద్రాన్ని కూడా ఆ కొండమీదే కట్టారు. పుస్తకం నుంచి పుస్తకానికి, పటం నుంచి పటానికి ఒక అభిప్రాయం ఎక్కుతూ పోతే రెండు వందల ఏళ్లలో అది వాస్తవంలా కనిపించడం మొదలుపెడుతుంది.

అనుమానం పాత మాటల దగ్గర మొదలైంది. ట్యూడర్ల ఆస్థాన చరిత్రకారుడు పాలిడోర్ వెర్జిల్ రెండు సైన్యాల మధ్య ఒక చిత్తడి నేల ఉండేదని రాశాడు. యుద్ధానికి తొలినాళ్లలో వాడిన పేరు ‘రెడ్‌మోర్’. రెల్లు పెరిగే చిత్తడి అని దానికి అర్థం చెప్పారు. కొండమీద చిత్తడి ఎలా వస్తుంది? 1990లో పీటర్ ఫాస్ యుద్ధభూమి కొండ దిగువన పల్లపు నేలలో ఉండాలని వాదించాడు. 2005లో గ్లెన్ ఫోర్డ్ నాయకత్వంలో కొత్త సర్వే మొదలైంది. వారు డిటెక్టర్లను వెంటనే పొలంలోకి దించలేదు. పాత పటాలు, భూమి పత్రాలు, పొలం పేర్లు సేకరించి, 1485లో ఏది దున్నిన నేల, ఏది పచ్చిక, ఏది చిత్తడి అన్న పటాన్ని తిరిగి గీశారు. నేలలోంచి మట్టి నమూనాలు తీసి ఏ చిత్తడి ఆనాటికి తడిగా ఉందో పరీక్షించారు. ఆ పైనే డిటెక్టర్లు వరుసగా, కొలిచిన దూరంలో నడిచాయి. దొరికిన ప్రతి వస్తువు స్థానమూ నమోదైంది.

2009 మార్చిలో ఒక సీసపు గుండు దొరికింది. ఆ తరువాత మరికొన్ని. మొత్తం 30కి పైగా ఫిరంగి, తుపాకీ గుళ్లు బయటపడ్డాయి. అవి దొరికినది ఆంబియన్ కొండకు నైరుతిగా సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, ఫెన్ లేన్ అనే పాత రోమన్ దారికి అటూ ఇటూ. ఫెన్ హోల్ అనే పాత చిత్తడి అంచున బంగారు పూత వేసిన వెండి బిళ్ల ఒకటి దొరికింది. దానిమీద అడవిపంది బొమ్మ ఉంది. అడవిపంది రిచర్డ్ చిహ్నం. ఆయన వెంట నడిచిన ఉన్నతస్థాయి అనుచరుడి దుస్తుల మీద ఉండేది అది. బొటనవేలంత ఆ బిళ్ల ఇంకెక్కడైనా దొరికి, దొరికిన చోటు తెలియకుండా దుకాణానికి చేరితే, మ్యూజియం అరలో ఒక అందమైన వస్తువుగా మాత్రమే ఉండేది. చిత్తడి అంచున దొరికింది కాబట్టి యుద్ధం ఎక్కడ ఉధృతమైందో చెప్పగలిగింది.

ఆ రాజు సమాధి కథలోనూ పటాలదే పాత్ర. జాన్ స్పీడ్ 1610 నాటి లెస్టర్ పట్టణ పటంలో గ్రేఫ్రయర్స్ మఠం పేరు బ్లాక్‌ఫ్రయర్స్ మఠం ఉన్నచోట పడింది. రాజు సమాధి గ్రేఫ్రయర్స్‌లో ఉండేది. తప్పుచోట వెతికితే సమాధి ఎలా కనిపిస్తుంది? 2012లో పురావస్తు శాస్త్రజ్ఞులు వివిధ కాలాల పటాలను ఒకదానిమీద ఒకటి పరిచి స్థలాన్ని కుదించుకుంటూ వచ్చి, ఒక కారు పార్కింగ్ కింద అస్థిపంజరాన్ని కనుగొన్నారు.

ఒకే ఏడాది, రెండు నిక్షేపాలు

2015లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్‌టన్ దగ్గర ఒక అన్వేషకుడికి వైకింగుల కాలపు నిక్షేపం తగిలింది. అతను అధికారులకు తెలిపాడు. నిపుణులు వచ్చి మట్టిగడ్డతో సహా పైకెత్తి ప్రయోగశాలలో విప్పారు. సుమారు 200 నాణేలు ఉన్నాయి. వాటిలో కొన్ని వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్, మెర్షియా రాజు రెండవ కియోల్‌వుల్ఫ్ ఒకే నమూనాతో ముద్రించినవి. కియోల్‌వుల్ఫ్‌ను వైకింగుల చేతి కీలుబొమ్మగా ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ చిత్రించింది. ఆల్‌ఫ్రెడ్ పక్షం రాసిన చరిత్ర అది. ఈ నాణేలు ఆ ఇద్దరూ సమానస్థాయి మిత్రులని సూచిస్తున్నాయి.

అదే ఏడాది హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి అదే కాలపు నిక్షేపం దొరికింది. వారు చెప్పకుండా అమ్మడం మొదలుపెట్టారు. సుమారు 300 నాణేలు ఉండేవని అంచనా. పోలీసుల చేతికి వచ్చినవి 30 చిల్లర. 2019లో వారికి జైలుశిక్షలు పడ్డాయి. శిక్షలు పడినా, మిగతా నాణేల మీద ఏ రాజుల పేర్లున్నాయో చదివే అవకాశం చరిత్రకు దక్కలేదు.

ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిధి కోవకు వచ్చే వస్తువు దొరికితే 14 రోజుల్లో తెలపాలి. ఆ కోవకు రాని చిన్న వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ 1997లో మొదలైంది. దానిలో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు, దొరికిన చోటుతో సహా నమోదయ్యాయి. ఇంగ్లండ్ పురావస్తు శాస్త్రజ్ఞుల్లో కొందరికి ఈ ఏర్పాటు నచ్చదు. దుక్కి పైపొర దాటి తవ్వితే నష్టమని వారి వాదన. అది న్యాయమైన వాదనే. అయినా నాగలి కింద ఎలాగూ నలిగిపోయే వస్తువు నమోదు కావడమే మేలని నా అభిప్రాయం.

మన దేశంలో పరిస్థితి వేరు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. భూమిలో దాగిన, 10 రూపాయలకు మించిన విలువగల నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. హాబీగా డిటెక్టర్ పట్టుకొని తిరిగేవారికి ఇక్కడ ఇంగ్లండ్ తరహా ఏర్పాటు ఏదీ లేదు. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లలో నంది కింద, గర్భగుడిలో గోతులు తీసిన వార్తలు మీరు తరచూ చదువుతూనే ఉంటారు. అమరావతి స్తూపం కథ మరీ దారుణం. దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బలోని రాళ్లను 18వ శతాబ్దం చివరలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాల కోసం తవ్వుకుపోయారు. 1797లో ఆ చోటు చూసిన కాలిన్ మెకంజీ, 1816-17లో సహాయకులతో మళ్లీ వచ్చి స్థలం పటాన్ని, శిల్పాల బొమ్మలను గీయించాడు. ఆ తరువాత చెదిరిపోయిన పలకల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ కాగితాల మీదే ఉంది.

అభ్యాసం కోసం

మీ గ్రామ పటం నకలు సర్వే కార్యాలయంలో అడిగి తీసుకోండి. పెద్దవారి దగ్గర కూర్చొని, ఒక్కొక్క సర్వే నంబరుకూ జనం వాడే పేరు దానిమీద రాయండి. పాటి, దిబ్బ, కోట, సంత, రేవు అన్న మాటలు ఎక్కడ వస్తాయో గుర్తు పెట్టండి. పూడిపోయిన చెరువు, వాడుకలో లేని బండ్లబాట, జనం లేని శివారు ఊరు కూడా చూపండి. ఆ తరువాత పట్టాదారు అనుమతితో ఆ చేలలో నడిచి చూడండి. ఏదీ తవ్వకండి, కనిపించిన పెంకు ముక్కను సైతం జేబులో వేసుకోకండి. ఫోటో తీసి, సర్వే నంబరు, ఏ గట్టు నుంచి ఎన్ని అడుగులు, ఏ తేదీ అన్నవి అక్కడికక్కడే నోటుబుక్కులో రాసుకోండి. నాణెం, శాసనం, శిల్పం లాంటిది కనిపిస్తే ఆ కాగితంతోనే తహసీల్దారుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి.