ఆప్ట్ (అడ్వాన్స్‌డ్ ప్యాకేజింగ్ టూల్)

ఆప్ట్ లేదా అడ్వాన్స్‌డ్ ప్యాకేజింగ్ టూల్ అనునది డెబియన్ లినక్స్‌లోను, దానిపై ఆధారపడిన ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఆపరేటింగ్ సిస్టములలోను సాఫ్టువేర్లను స్థాపించుటకు, తాజాపరచుటకు, తొలగించుటకు ఉపయోగపడు స్వేచ్ఛా సాఫ్టువేరు. దీనిని టెర్మినల్‌లో ఆదేశములు టైపు చేసి వాడుదురు. భారత ప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడ డెబియన్ ఆధారితమే. ఈ వ్యాసములో ఆదేశములు ఉచ్చారణ ప్రకారము తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరములతో టైపు చేయవలెను.

అవసరము

డెబియన్‌లో ప్రతి సాఫ్టువేరు ఒక ప్యాకేజీ రూపములో లభించును. ప్యాకేజీని విప్పి కంప్యూటరులో అమర్చు పనిని డీపీకేజీ అను వేరొక ఉపకరణము చేయును. అయితే ఒక సాఫ్టువేరు పనిచేయుటకు తరచుగా ఇతర ప్యాకేజీలు కూడ కావలసి యుండును. అవి లేనిచో డీపీకేజీ ఆ సంగతి తెలిపి ఆగిపోవునే కాని, వాటిని వెదకి తీసికొని రాదు. ఆ పనిని ఆప్ట్ చేయును.

చరిత్ర

డెబియన్ స్థాపకుడు ఇయాన్ మర్డాక్ 1994లో డీపీకేజీ తొలి రూపమును వ్రాసెను. దానికి తోడుగా వాడిన డీసెలెక్ట్ అను ఉపకరణము క్రొత్తవారికి కష్టముగా ఉండుటచే, దాని స్థానములో మరొకటి తయారుచేయుటకు ఆప్ట్ నిర్మాణము ఆరంభమైనది. 1998లో తొలి ప్రయోగ రూపములు వెలువడినవి. 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1లో ఇది చేరినది. చాలకాలము ఆప్ట్-గెట్, ఆప్ట్-క్యాష్ అను వేరు వేరు ఆదేశములు వాడుకలో ఉండెను. 2014 ఏప్రిల్ 1న వెలువడిన 1.0 సంచికతో వాటిలోని ముఖ్యమైన పనులన్నియు ‘ఆప్ట్’ అను ఒకే ఆదేశము క్రిందికి వచ్చినవి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో ఆప్ట్ 3.0 ఉన్నది.

పనిచేయు విధానము

సాఫ్టువేర్లను ఎచ్చటి నుండి తేవలెనో ‘సోర్సెస్’ ఫైళ్ళలో వ్రాసి యుండును. ఈ నిల్వలను రిపోజిటరీలు అందురు. ఆప్ట్ మొదట అచ్చటి జాబితాలను తెచ్చుకొనును. కోరిన ప్యాకేజీకి ఏవేవి అవసరమో, ఏవి దానితో పొసగవో లెక్కించును. కావలసినవన్నియు దించుకొని, సరియైన వరుసలో డీపీకేజీకి అందించును.

ముఖ్యమైన ఆదేశములు

* ఆప్ట్ అప్‌డేట్ – జాబితాలను మాత్రమే తాజాపరచును, సాఫ్టువేర్లను మార్చదు.
* ఆప్ట్ అప్‌గ్రేడ్ – స్థాపితమై యున్న ప్యాకేజీలకు క్రొత్త సంచికలను తెచ్చును.
* ఆప్ట్ ఇన్‌స్టాల్ – కోరిన ప్యాకేజీని స్థాపించును.
* ఆప్ట్ రిమూవ్ – ప్యాకేజీని తొలగించును. అమరికల ఫైళ్ళు మిగులును.
* ఆప్ట్ పర్జ్ – అమరికల ఫైళ్ళతో సహా తొలగించును.
* ఆప్ట్ సెర్చ్ – పేరును బట్టి, వివరణను బట్టి వెదకును.

స్థాపన, తొలగింపు వంటి పనులకు నిర్వాహకుని అధికారము కావలెను గనుక వాటి ముందు ‘సుడో’ చేర్చుదురు.

తెలుగు ప్యాకేజీలు

‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు’ అను ఆదేశము ప్యాకేజీల పరస్పర సంబంధమునకు మంచి ఉదాహరణ. ఈ ప్యాకేజీలో ఫాంట్లు ఉండవు. ఇది ఇతర ప్యాకేజీలను సూచించును. దీనిని కోరిన వెంటనే లోహిత్ తెలుగు, పోతన, వేమన ఫాంట్లు వచ్చి చేరును. సిలికానాంధ్ర వెలువరించిన గిడుగు, గురజాడ, సురవరము మొదలగు ఫాంట్లు ‘ఫాంట్స్-తెలుగువిజయం’ ప్యాకేజీలో కలవు. అక్షరదోషముల పరిశీలనకు ‘హన్‌స్పెల్-టీఈ’, ముద్రిత తెలుగు పుటలను పాఠ్యముగా మార్చుటకు ‘టెసెరాక్ట్-ఓసీఆర్-టెల్’ లభించును.

ఇంటర్నెట్ లేనిచోట

సీడీ, డీవీడీలను రిపోజిటరీలుగా వాడుటకు ‘ఆప్ట్-సీడీరామ్’ ఉన్నది. రితేష్ రాజ్ సరాఫ్ వ్రాసిన ‘ఆప్ట్-ఆఫ్‌లైన్’ మరొక మార్గము. ఉదాహరణకు మెదక్ పట్టణములోని ఒక పాఠశాల కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదనుకొందము. అందులో ముందుగా ఆప్ట్-ఆఫ్‌లైన్ స్థాపితమై యుండవలెను. ‘సెట్’ ఆదేశముతో, కావలసిన ప్యాకేజీల వివరములు గల చిన్న ఫైలు తయారగును. దానిని పెన్‌డ్రైవ్‌లో ఇంటర్నెట్ గల కంప్యూటరు వద్దకు తీసికొనిపోయి ‘గెట్’ ఆదేశముతో ప్యాకేజీలను దించుకొనవలెను. పైథాన్ ఉన్నచో ఈ పని విండోస్‌లో కూడ జరుగును. తిరిగి పాఠశాలకు వచ్చి ‘ఇన్‌స్టాల్’ ఆదేశమిచ్చినచో ఆ ప్యాకేజీలు ఆప్ట్ నిల్వలో చేరును. ఆపై వాటిని మామూలుగా స్థాపించవచ్చును.

భద్రత

ప్యాకేజీలు నిర్వాహకుని అధికారముతో స్థాపితమగును గనుక ఒక నకిలీ ప్యాకేజీ కంప్యూటరునంతటిని వశపరచుకొనగలదు. అందుచే రిపోజిటరీ జాబితాపై డిజిటల్ సంతకము ఉండును. 2007లో వెలువడిన డెబియన్ 4.0 నుండి ఆప్ట్ ఈ సంతకమును పరీక్షించుచున్నది. అయినను 2019 జనవరిలో ఒక లోపము బయటపడినది. నెట్‌వర్కు మధ్యలో పొంచియున్న వ్యక్తి నకిలీ ప్యాకేజీని చొప్పించుటకు అది అవకాశమిచ్చెడిది. దానిని వెంటనే సరిదిద్దిరి. సంతకము ప్యాకేజీ ఎవరి నుండి వచ్చినదో మాత్రమే తెలుపును. అది మంచిదని హామీ ఇవ్వదు. కనుక అపరిచిత రిపోజిటరీలను చేర్చుట ప్రమాదకరము.

జాగ్రత్తలు

ఒక ప్యాకేజీ వేరొకదానితో పొసగనప్పుడు ఆప్ట్ రెండవదానిని తొలగించుటకు ప్రతిపాదించవచ్చును. 2021లో యూట్యూబ్ ప్రసారకుడు లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ అను ఆటల సాఫ్టువేరును స్థాపింపబోయెను. అప్పటి ప్యాకేజీలలోని పొరపాటు వలన, డెస్క్‌టాప్ తొలగిపోవునని ఆప్ట్ హెచ్చరించినది. ఆయన అంగీకార వాక్యమును టైపు చేయగా డెస్క్‌టాప్ మొత్తము పోయినది. అటుపిమ్మట వచ్చిన 2.3.12 సంచికలో, అత్యవసరమైన ప్యాకేజీలు సులభముగా తొలగిపోకుండ మార్పు చేసిరి. ఏ ఆదేశమునకైనను ‘అవును’ అని జవాబిచ్చుటకు ముందు తొలగింపబడు ప్యాకేజీల జాబితాను పూర్తిగా చదువుట మంచిది.

ఇవి కూడా చూడండి

* డెబియన్
* ఉబుంటు
* బాస్ లినక్స్
* స్వేచ్ఛా సాఫ్టువేరు