ఉన్ని డబ్బు, దొరల బళ్లు: న్యూజిలాండ్‌లో బ్రిటిష్ విలాస కార్ల చరిత్ర

న్యూజిలాండ్ జనాభా యాభై లక్షల పైచిలుకు. అంత చిన్న దేశంలో పాత బ్రిటిష్ విలాస కార్లను దాచుకుని, బాగుచేయించుకుని, సెలవు రోజున రోడ్డెక్కించే అలవాటు గట్టిగా పాతుకుపోయింది. జాగ్వార్ మార్క్ 2, రోవర్ 3500, హంబర్ సూపర్ స్నైప్, రోల్స్‌రాయిస్ సిల్వర్ షాడో వంటి బళ్లు అక్కడ శ్రీమంతుల ఇళ్లతోపాటు పల్లె రైతుల షెడ్లలోనూ కనిపిస్తాయి. కార్ల అందం, హోదా ఈ మోజుకు కొంతవరకే కారణం. అరవై ఏళ్లపాటు ఆ దేశంలో కార్ల దిగుమతి ఎలా నడిచిందో తెలిస్తేగాని మిగతాది అర్థం కాదు.

1898లో విలియం మెక్‌లీన్ అనే ఆయన రెండు బెంజ్ బళ్లను వెల్లింగ్టన్ రేవులో దింపాడు. అవే ఆ దేశానికి వచ్చిన మొదటి కార్లు. వాటిని రోడ్డు మీద నడపడానికి అదే ఏడాది పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. తర్వాతి మూడు దశాబ్దాల్లో అక్కడ రాజ్యమేలినవి అమెరికా, కెనడా కార్లు. గతుకుల మట్టి రోడ్లకు ఎత్తుగా, దిట్టంగా ఉండే ఫోర్డులే తగినవని జనం అనుకున్నారు. ఇంగ్లండులో అశ్వశక్తిని సిలిండరు వెడల్పును బట్టి లెక్కగట్టి పన్ను వేసేవారు. అందుకని అక్కడి తయారీదార్లు సన్నని సిలిండర్ల చిన్న ఇంజిన్లు కట్టేవారు, వాటితో న్యూజిలాండ్ కొండదారులు ఎక్కడం కష్టమయ్యేది.

1932లో కెనడాలోని ఒటావాలో జరిగిన సామ్రాజ్య దేశాల ఒప్పందంతో గాలి మళ్లింది. బ్రిటన్ న్యూజిలాండ్ మాంసానికి, వెన్నకు తన మార్కెట్లో చోటిచ్చింది. బదులుగా న్యూజిలాండ్ బ్రిటిష్ వస్తువుల మీద సుంకం తక్కువగా ఉంచింది. విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చి స్థానికంగా బిగించే కార్లకు 1934 నుంచి సుంకంలో మరింత రాయితీ దొరికింది. దాంతో వెల్లింగ్టన్ పక్కనున్న పెటోన్, సీవ్యూ, ఆక్లండ్‌లోని న్యూమార్కెట్ వంటి చోట్ల బిగింపు కర్మాగారాలు జోరందుకున్నాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి మోరిస్, ఆస్టిన్, హిల్‌మన్, వాక్స్‌హాల్ కార్లు వీధివీధినా తిరుగుతున్నాయి.

1938 డిసెంబరులో విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. ఆర్థికమంత్రి వాల్టర్ నాష్ దిగుమతి లైసెన్సుల పద్ధతి తెచ్చాడు. ఆనాటి అక్కరకు పెట్టిన ఆంక్ష యుద్ధం తర్వాత కూడా ఏళ్ల తరబడి కొనసాగింది. కొత్త కారు కావాలంటే డీలరు దగ్గర పేరు రాయించుకుని, కోటా వచ్చేదాకా ఏళ్లకు ఏళ్లు ఎదురు చూడాలి. లైసెన్సు రాజ్యం రోజుల్లో అంబాసిడరుకో, ఫియట్‌కో, బజాజ్ స్కూటరుకో డబ్బు కట్టి కాచుకున్న తెలుగువారికి ఈ పరిస్థితి విడమరచి చెప్పనక్కర్లేదు. ఏడాది రెండేళ్లు వాడిన కారు కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికేది.

ఈ క్యూను దాటడానికి ఒక రాజమార్గం ఉండేది. విదేశంలో, ముఖ్యంగా లండన్ బ్యాంకులో, ఎవరికైనా సొంత డబ్బుంటే ఆ డబ్బుతో కారు ఖరీదు అక్కడే చెల్లించి తెప్పించుకోవచ్చు. దేశంలోని మారకద్రవ్యం ఖర్చు కాదు గనుక ప్రభుత్వం అభ్యంతరపెట్టేది కాదు. 1950 ప్రాంతం నుంచి ఈ వెసులుబాటు పథకంగానే నడిచింది. ఇంగ్లండులో వారసత్వం వచ్చినవారు, వ్యాపార లావాదేవీలున్నవారు, ఎగుమతులతో ముడిపడిన పెద్ద కమతాల కుటుంబాలు దీనితో లాభపడ్డారు. కష్టపడి జీతం కూడబెట్టుకున్న గుమస్తాకు దొరకని కారు, లండన్‌లో ఖాతా ఉన్నవాడికి త్వరగా దొరికేది. న్యాయంగా చూస్తే ఇది వివక్షే. కాకపోతే ఖరీదైన బ్రిటిష్ కార్లు ఆ దేశానికి చేరిన ముఖ్యమైన దారుల్లో ఇదొకటి.

సరిగ్గా అదే సమయంలో ఉన్ని ధర ఆకాశాన్నంటింది. 1950లో కొరియా యుద్ధం మొదలైంది. సైనికుల దుస్తులకని అమెరికా ఉన్ని కొనుగోలుకు దిగడంతో 1951 నాటికి ధర దాదాపు మూడు రెట్లయింది. కాంటర్‌బరీ, హాక్స్‌ బే, వైరరాపా మైదానాల గొర్రెల రైతుల చేతుల్లో డబ్బు ఆడింది. పెట్రోలు రేషను కూడా 1950లోనే ఎత్తేశారు. ఇటు డబ్బు, అటు ఇంధనం చేతికందినవేళ బ్రిటన్‌లో కొత్త తరం పెద్ద కార్లు బయటికొచ్చాయి.

వాటిలో జాగ్వార్‌ది ప్రత్యేక స్థానం. ఆ కంపెనీ అధిపతి విలియం లయన్స్ 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో ఎక్స్‌కే 120 స్పోర్ట్సు కారును చూపించాడు. దాని ఆరు సిలిండర్ల ఇంజిన్ 3442 సీసీలది, పైన రెండు క్యామ్‌షాఫ్టులు. అంతవరకూ రేసు కార్లకూ, అతి ఖరీదైన బళ్లకూ పరిమితమైన ఆ ఏర్పాటును లయన్స్ అందుబాటు ధరలో అందించాడు. ఆ ఇంజిన్ వంశం 1992 దాకా తయారీలో ఉంది. 1950లో వచ్చిన మార్క్ సెవెన్, 1959 నాటి మార్క్ 2, 1961 నాటి ఈ-టైప్, 1968లో వచ్చిన ఎక్స్‌జే6 అన్నీ దానితోనే మొదలయ్యాయి. బెంట్లీ కొనలేనివాడు బెంట్లీ లాంటి హాయిని జాగ్వార్‌లో వెతుక్కోగలిగాడు. న్యూజిలాండ్‌లో దానికి అంతమంది అభిమానులు పుట్టడానికి ఇదే కారణమని చెప్పవచ్చు.

రోల్స్‌రాయిస్, బెంట్లీల సంగతి వేరు. అవి అక్కడ ఎప్పుడూ కొద్ది సంఖ్యలోనే ఉండేవి, పూర్తిగా తయారై ఓడలో వచ్చేవి. ఆ పేరుకున్న మహిమ తెలుగునేలకూ పాత పరిచయమే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ ఆయన 1911లో కన్నుమూశాకే తయారై వచ్చింది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని ఈనాటికీ చూడవచ్చు. నిజాంల కుటుంబానికి అది ఊరేగింపు వాహనం. న్యూజిలాండ్ యజమాని మాత్రం తన సిల్వర్ క్లౌడ్‌ను తానే నడిపాడు, అవసరమైతే తానే దాని కిందికి దూరాడు. ఆ దేశంలో జీతానికి డ్రైవరును పెట్టుకునే సంప్రదాయం ఎప్పుడూ బలపడలేదు.

ఈ విలాస బళ్లకూ మామూలు కార్లకూ మధ్యనున్నవి హంబర్, రోవర్. హంబర్, హిల్‌మన్‌లను తయారుచేసే రూట్స్ కంపెనీ కార్లను పెటోన్‌లో టాడ్ మోటర్స్ బిగించేది. హంబర్ పేరుకున్న గౌరవం ఎంతటిదంటే, 1950ల చివర హిల్‌మన్ మింక్స్‌కే కొద్ది మార్పులు చేసి హంబర్ 80 అన్న పేరుతో న్యూజిలాండ్ కోసమే ప్రత్యేకంగా అమ్మారు. పెద్ద హంబర్ కొనే స్తోమత లేని మధ్యతరగతికి ఆ పేరైనా ఇంటి ముందు నిలిచింది.

దక్షిణ దీవి ఉత్తరపు కొసన ఉన్న నెల్సన్ పట్టణం ఈ చరిత్రలో ఊహించని పాత్ర పోషించింది. పట్టణం శివారు స్టోక్‌లో 1960ల మొదట్లో ఒక పత్తి మిల్లు కోసం పెద్ద భవనం లేచింది. రాజకీయ వివాదంలో చిక్కి ఆ మిల్లు ప్రయత్నం ఆగిపోయింది. ఆ భవనాన్ని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ తీసుకుని 1960ల నడుమ నుంచి కార్లు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత అది న్యూజిలాండ్ మోటర్ కార్పొరేషన్ చేతికొచ్చింది. 1970లలో అక్కడ ట్రయంఫ్ 2000తోపాటు వి8 ఇంజిన్ ఉన్న రోవర్ 3500, ఆఖరికి జాగ్వార్ ఎక్స్‌జే6 రెండో శ్రేణి కూడా తయారయ్యాయి. ఇంగ్లండులోని కవెంట్రీ నుంచి పెట్టెల్లో వచ్చిన భాగాలకు స్థానిక సరుకు కలిపి నెల్సన్ కార్మికులు జాగ్వార్లు బిగించారు. వాటి స్పీడోమీటర్లు కిలోమీటర్లలో ఉండేవి. ముందు తలుపుల అడుగు భాగాన అసలు తివాచీకి బదులు నల్లని వినైల్ చాప అతికించేవారు. చివరి ఏడాది 1978లో సగం తోలు, సగం డ్రాలన్ బట్ట వేసిన సీట్లు, వినైల్ పైకప్పు, ఏసీ అమర్చిన ప్రత్యేక మోడల్ వచ్చింది. దాన్ని సూపర్‌జాగ్ అని పిలుచుకున్నారు.

అప్పటికే కాలం మారుతోంది. 1973లో బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరడంతో పాత ఇచ్చిపుచ్చుకోవడాలకు పునాది పోయింది. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చింది. అది మళ్లీ తలెత్తాక, పెట్రోలు పొదుపు కోసం 1979 జులై చివరి నుంచి 1980 మే దాకా, వారంలో ఒక రోజు కారు తీయకూడదన్న నిబంధన అమలైంది. ఏ రోజు తీయరో యజమాని ముందే ఎంచుకుని, ఆ స్టిక్కరు అద్దానికి అంటించాలి. లీటరు పెట్రోలుకు కొద్ది కిలోమీటర్లే ఇచ్చే పెద్ద జాగ్వార్లు, రోవర్లు ఒక్కసారిగా బరువయ్యాయి. జనం టయోటా, డాట్సన్, హోండాల వైపు మళ్లారు. మంచి మార్క్ 2 సైతం చవకగా దొరికిన రోజులవి. ఇవాళ వాటిని కాపాడుతున్నవారిలో కొందరు ఆ రోజుల్లో కొన్న సామాన్యులే.

పాత కార్లను భద్రపరచాలన్న ఆలోచన అంతకు చాలా ముందే ఉంది. వింటేజ్ కార్ క్లబ్ ఆఫ్ న్యూజిలాండ్ 1946లో క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టింది. ‘బీడెడ్ వీల్స్’ అనే దాని పత్రిక 1950ల నుంచి వస్తోంది. రోల్స్‌రాయిస్, బెంట్లీ యజమానులకు, జాగ్వార్ యజమానులకు వేర్వేరు క్లబ్బులున్నాయి. వెల్లింగ్టన్‌కు ఉత్తరాన పారాపారాఉము దగ్గర సర్ లెన్ సౌత్‌వర్డ్ నెలకొల్పిన మ్యూజియం 1979లో తెరుచుకుంది. ఆయన సేకరణ 1956లో 40 పౌండ్లకు కొన్న ఫోర్డ్ మోడల్ టీతో మొదలైంది. ఇప్పుడు అక్కడ 400కు పైగా వాహనాలున్నాయి. 1931 భూకంపంలో కూలి, ఆర్ట్ డెకో శైలిలో మళ్లీ కట్టుకున్న నేపియర్ పట్టణంలో ఏటా ఫిబ్రవరిలో జరిగే ఉత్సవానికి పాత కార్ల ఊరేగింపే పెద్ద ఆకర్షణ.

ఈ కార్లలో మనిషిని కట్టిపడేసేవి తోలు వాసన, వాల్‌నట్ చెక్క నిగనిగ అని అందరూ చెబుతారు. అవి నిజమే. రోల్స్‌రాయిస్ డాష్‌బోర్డులో ఒకే దుంగ నుంచి తీసిన పలకలను చార నమూనా కుడిఎడమలకు సరిపోయేలా అతికిస్తారు. అయితే న్యూజిలాండ్ యజమానిని అంతకన్నా లోతుగా పట్టుకున్నది, బానెట్ కింద ఏముందో కంటికి కనిపించి చేతికి అందడం. అప్పటి బ్రిటిష్ కార్లలో ఎక్కువగా వాడిన ఎస్‌యూ కార్బురేటరునే చూడండి. పైన గంట ఆకారపు లోహపు గిన్నె, లోపల పైకీ కిందికీ కదిలే పిస్టను, దాని అడుగున కొసకు సన్నబడే సూది. ఇంజిన్ గాలి పీల్చే కొద్దీ పిస్టను లేస్తుంది, సూది పైకి జరిగి పెట్రోలు ఎక్కువగా వదులుతుంది. పిస్టను ఉలికిపడకుండా నడిమి గొట్టంలో పల్చని నూనె పోస్తారు. ఎక్స్‌కే 120కి ఇవి రెండు, ఈ-టైప్‌కు మూడు. అన్నీ సమానంగా పీలుస్తున్నాయో లేదో తేల్చడానికి పాతకాలపు మెకానిక్ రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టి ఆ బుసను వినేవాడు. రెండు బుసలూ ఒకటే అయ్యేదాకా స్క్రూ తిప్పేవాడు. కంప్యూటరు అక్కర్లేని ఈ పని చెవీ పట్టుదలా ఉన్న ఎవరికైనా వస్తుంది.

విడిభాగాలు ఓడలో రావడానికి నెలలు పట్టిన దేశంలో ఇలా సొంతంగా బాగుచేసుకోవడం అవసరం కొద్దీ అలవాటైంది. కంచెలకు వాడే ఎనిమిదో నంబరు తీగతో దేన్నైనా సరిచేయగలమన్నది అక్కడివారి గర్వం. వాతావరణం కూడా కొంత కలిసొచ్చింది. బ్రిటన్‌లో చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడి కార్లను అడుగు నుంచి తినేసింది. న్యూజిలాండ్‌లో ఆ బెడద తక్కువ, కాకపోతే సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు తప్పదు. స్టీరింగు కుడివైపే ఉండటంతో బ్రిటన్ కొనుగోలుదార్లు న్యూజిలాండ్‌లోని మంచి బళ్లను వెతికి తిరిగి తీసుకెళ్లారు.

1984లో వచ్చిన లేబర్ ప్రభుత్వం రక్షణ గోడలను ఒక్కొక్కటిగా కూల్చింది. జపాన్ నుంచి వాడిన కార్లు వరదలా వచ్చాయి. 1998లో కార్ల మీద సుంకం ఎత్తేయడంతో మిగిలిన బిగింపు కర్మాగారాలన్నీ మూతపడ్డాయి. అప్పటికి హోండా చేతిలో ఉన్న నెల్సన్ కర్మాగారం కూడా వాటిలో ఉంది. 1996లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగినప్పుడు, ఇనుప హెడ్డున్న పాత ఇంజిన్ల వాల్వు సీట్లను కొందరు మార్పించుకోవలసి వచ్చింది. అల్యూమినియం హెడ్డులో విడిగా సీట్లు బిగించిన జాగ్వార్‌కు ఆ ఇబ్బంది అంతగా లేదు.

1937 నుంచి అమల్లో ఉన్న వాహన యోగ్యతా తనిఖీలో తుప్పును కఠినంగా చూస్తారు. కనుక కొనేవారు తోలునూ చెక్కనూ చూసి మురిసేముందు తలుపుల కింది సిల్లులను, జాక్ పెట్టే చోట్లను తట్టి చూడాలి. సీట్లు తిరిగి కుట్టించవచ్చు, కుళ్లిన అడుగును బాగుచేయించే ఖర్చు మాత్రం కారు ఖరీదును మించవచ్చు. నెల్సన్‌లో తయారైన ఎక్స్‌జే6ను పునరుద్ధరించేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. తలుపుల మీది నల్లని వినైల్ చాపను పీకేసి ఇంగ్లిష్ తివాచీ వేస్తే బండి కవెంట్రీ కారులా కనిపించవచ్చు. కానీ న్యూజిలాండ్ కార్మికుల చేతిపనికి సాక్ష్యంగా మిగిలిన ఆ బళ్లు ఇక కొద్దే, వాటిని తయారైన తీరులోనే ఉంచాలి.