ఎయిర్ రైఫిల్ (శంషాబాద్ ప్రాంతము)

మందుగుండు లేక, బిగించిన స్ప్రింగు చేతనో, అదిమిన గాలి చేతనో, నడుము సన్నగిలిన సీసపు పెల్లెటును వెడలగొట్టు తుపాకి. 2016 నాటి ఆయుధ నియమావళి ననుసరించి గొట్టపు వ్యాసము 4.5 మిల్లీమీటర్లను గాని, మూతికడ శక్తి 20 జౌళ్లను గాని మించినచో లైసెన్సు తప్పనిసరి గనుక, కొనువారు మొదట చూడవలసినవి ఈ రెండే. స్కోపు సొగసులు తరువాతి మాట.

శంషాబాద్ బీళ్లలో కుందేలును, కౌజుపిట్టను దీనితో వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. ఎలుకలను, కాకులను ఉపద్రవజంతువులుగా నెంచిన ఆ చట్టపు ఐదవ అనుబంధమును 2022 నాటి సవరణము తొలగించినది. కావున ‘కాకియే కదా’ యను వాదము నేడు చెల్లదు.

2008 మార్చిలో ఇచట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము నడక మొదలిడిన పిమ్మట పక్షులబెడద విమానముల ప్రాణసమస్య యైనది. అయినను దానికి మందు తుపాకి కాదు. విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల బహిరంగముగా పశువధ చేయుటను, చెత్త పారబోయుటను 1937 నాటి విమాన నియమావళి నిషేధించుటకు కారణము, మాంసపు తునకలకై గ్రద్దలు మూగుటయే. తిండి దొరకనిచోట పక్షి నిలువదు.

ఇక వినోదమందురా, అది కాగితపు లక్ష్యము మీదనే కలదు. పది మీటర్ల పోటీలో పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యపతకము నందినది ఈ పోటీలోనే.