గొట్టం వేయనందుకేనా?

మొన్న మన సంఘం సమావేశం అయ్యాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. మూడు నెలల క్రితం వాళ్ల నాన్నగారు ఇంట్లోనే కుప్పకూలిపోయారు. అంబులెన్స్ వాళ్లు ఛాతీ నొక్కుతూ, ముఖానికి మాస్కు పెట్టి బ్యాగు పిండుతూ తీసుకెళ్లారు. ఆయన దక్కలేదు. "అన్నా, గొంతులోకి ట్యూబు వేసి ఉంటే బతికేవారని మా బంధువొకాయన అంటున్నాడు, నిజమేనా?" అని అడిగాడు. ఆ మాట వాళ్లింట్లో ఎవరినీ నిద్రపోనివ్వడం లేదట. నేను డాక్టరును కాను. కానీ ఈ ట్యూబు చరిత్ర కాస్త చదివాను. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఒకప్పుడు ఊపిరికి దారి చేయాలంటే గొంతు కోయాల్సిందే. 1878లో గ్లాస్గోలో విలియం మెక్‌ఈవెన్ అనే సర్జన్, నాలుక మొదట్లో క్యాన్సర్ ఉన్న రోగికి గొంతు కోయకుండా, నోట్లో వేళ్లతో తడుముకుంటూ శ్వాసనాళంలోకి గొట్టం దించి ఆపరేషన్ చేశాడు. ముందుగా శవాల మీద సాధన చేశాడట! తర్వాత కొన్నేళ్లకే న్యూయార్క్‌లో జోసెఫ్ ఓడ్వయ్యర్ కంఠసర్పితో ఊపిరాడని పిల్లలకు చిన్న గొట్టాలు వేశాడు. 1895లో బెర్లిన్‌లో కిర్‌స్టైన్ గొంతులోకి నేరుగా చూసే పరికరం చేశాడు. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో మాకింతోష్ తయారుచేసిన వంపు బ్లేడు ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో ఉంది.

ఇదంతా ఆపరేషన్ థియేటర్ విద్య. అక్కడ మంచి వెలుతురు, సరైన ఎత్తులో బల్ల, ముందే ఉపవాసం ఉంచిన రోగి, పక్కన మత్తు డాక్టరు ఉంటారు. అంబులెన్స్ మనిషికి దొరికేది ఇరుకు గదిలో నేల మీద, కడుపునిండా తిని పడిపోయిన మనిషి. శ్వాసనాళం, అన్నవాహిక పక్కపక్కనే ఉంటాయి. గొట్టం రెండోదాంట్లోకి జారితే గాలి కడుపులోకి పోతుంది. అది గమనించకపోతే ప్రాణం పోతుంది. 2001లో అమెరికాలోని ఓర్లాండోలో ఈ సంగతి లెక్కపెట్టారు. దారిలో గొట్టం వేసి ఆసుపత్రికి తెచ్చిన 108 మందిలో 27 మందికి అది ఉండాల్సిన చోట లేదు. నాకు ఒళ్లు జలదరించింది. అంతకు ముందే, 2000లో, లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 830 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. బ్యాగు మాత్రమే వాడినవారిలో 30 శాతం, గొట్టానికి కేటాయించినవారిలో 26 శాతం బతికారు. గణాంకాల ప్రకారం అది తేడా కిందకు రాదు. అంటే గొట్టం వల్ల అదనపు మేలేమీ కనబడలేదు.

మధ్యేమార్గం 1981లో లండన్‌లో పుట్టింది. ఆర్చీ బ్రెయిన్ అనే మత్తు డాక్టరు, స్వరపేటిక మీద మూతలా కూర్చునే మాస్కు ఆలోచించాడు. లోపలికి చూడాల్సిన పని లేకుండా దించేయవచ్చు. దాని వారసుల్లో ఐ-జెల్ ఒకటి. 2018లో ఇంగ్లండ్‌లో, గుండె ఆగిన 9,296 మంది మీద ఐ-జెల్‌నూ గొట్టాన్నీ పోల్చారు. మెదడు పెద్దగా దెబ్బతినకుండా బయటపడినవారు ఐ-జెల్‌తో 6.4 శాతం, గొట్టంతో 6.8 శాతం. దాదాపు సమానమే. అదే ఏడాది అమెరికాలో 3,004 మంది మీద అలాంటిదే మరో పరికరాన్ని పరీక్షిస్తే, మూడు రోజుల వరకు బతికినవారు దానితో 18.3 శాతం, గొట్టంతో 15.4 శాతం.

బ్యాగే గొప్పదని కూడా అనలేం. ఆ ఏడాదే ఫ్రాన్స్, బెల్జియంలలో డాక్టర్లే అంబులెన్సులో వెళ్లి పోల్చారు. బతికినవారి సంఖ్య ఇంచుమించు ఒకటే వచ్చింది కానీ, బ్యాగు వాడినవారిలో కడుపులోది పైకి తన్నుకురావడం రెండింతలు.

ఆ 6.4, 6.8 అంకెల దగ్గర తమ్ముడు ఆగిపోయాడు. "అంటే ఏది వేసినా వందలో ఏడుగురేనా అన్నా?" అన్నాడు. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆదివారం ఇంటికొచ్చి ఇదే మాట అమ్మకు కూడా చెప్పమన్నాడు. వెళ్తున్నాను. ఆ బంధువుగారిని కూడా రమ్మన్నాం.